చిన్న గొట్టాలను రోలర్లపై వంచడం ఎలా?



ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు మీద నారపల్లి దాకా వస్తుంటే రెండు పక్కలా వెల్డింగ్ షాపులు కనిపిస్తాయి. గేట్లు, కిటికీలు, కుర్చీలు, మెట్ల రెయిలింగులు అక్కడ తయారవుతాయి. ఇటు నాచారం, అటు చర్లపల్లి పారిశ్రామికవాడలు. మా నాయన నాచారంలో ఇనుప సామాను దించే హమాలీ. ఆయన భుజం మీద మోసిన పైపులు ఎలా వంగుతాయో మాకు ఎమ్మెస్సీ భౌతికశాస్త్రంలో చేరిన తర్వాతే తెలిసింది. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. అందుకే తెలిసిన నాలుగు మాటలు మీతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

పని ఎందుకు మొదలైంది?

మన హాస్టల్‌లో పదో తరగతి తమ్ముడొకడు మూడు చక్రాల బండిపై బడికి వెళ్తాడు. బండికి పైకప్పు లేదు. వాన వస్తే పుస్తకాలు తడిసేవి. తలా కొంత వేసుకొని 19 మిల్లీమీటర్ల ఇనుప గొట్టం, ఆరు మీటర్లది, ఒక్కటి కొన్నాము. రెండోది కొనే డబ్బు లేదు. పైకప్పుకు మూడు కమానులు కావాలి.

ముందు లెక్క వేశాము. బండి వెడల్పు 700 మి.మీ., అంటే వ్యాసార్థం 350. అర్ధవృత్తం పొడవు 3.14 × 350, సుమారు 1100 మి.మీ. రెండు వైపులా నిటారు కాళ్ళకు 200 చొప్పున కలిపితే 1500. ఆరు మీటర్లలో నాలుగు ముక్కలు వస్తాయి. మూడు పనికి, ఒకటి ప్రయోగానికి.

యంత్రం ఎలా పనిచేస్తుంది?

ఇందులో మూడు రోలర్లు ఉంటాయి. కింద రెండు, వాటి మధ్యన పైన ఒకటి. పై రోలర్‌ను స్క్రూతో కిందికి నొక్కుతారు. పిడి తిప్పితే గొట్టం ముందుకు, వెనకకు నడుస్తూ కొద్దికొద్దిగా వంగుతుంది. వంగేటప్పుడు బయటి వైపు లోహం సాగుతుంది, లోపలి వైపు కుదించుకుంటుంది. మధ్యన ఒక గీత మాత్రం సాగదు, కుదించుకోదు. దానినే తటస్థాక్షం అంటారు. గొట్టానికి నిలువునా వెల్డింగ్ అతుకు ఉంటే దానిని ఈ గీత మీదికి, అంటే పక్కకు వచ్చేలా పెట్టుకోవాలి.

బయటి వైపు ఎంత సాగుతుందో తెలుసుకోవాలంటే గొట్టం వ్యాసంలో సగాన్ని వంపు వ్యాసార్థంతో భాగించాలి. మా విషయంలో 9.5 ÷ 350, అంటే సుమారు 2.7 శాతం. మామూలు ఇనుము అంతకన్నా ఎంతో ఎక్కువ సాగగలదు. ఈ లెక్క చూసుకొని మేము ధైర్యంగా ఒకేసారి స్క్రూ బిగించాము. గొట్టం నలిగిపోయింది. ప్రయోగం ముక్క అక్కడితో అయిపోయింది.

తప్పు ఎక్కడ జరిగింది?

షాపు మేస్త్రీ వచ్చి చూసి, "తమ్మీ, ఒక్కసారే గట్టిగ తిప్పితే పైపు వంగది, నలుగుతది" అన్నాడు. రోలర్ల గాడి వైపు కూడా వేలు చూపించాడు. అది ఒక అంగుళం, అంటే 25 మి.మీ. గొట్టానికి చేసిన గాడి. మాది 19. గాడి గొట్టాన్ని రెండు పక్కలా పట్టుకోకపోతే గుండ్రం కాస్తా చప్పిడి అవుతుంది. చప్పిడి అయిన చోట బలం తగ్గి అక్కడే మడత పడుతుంది. లోహం సాగలేక చెడిపోలేదు, ఆకారానికి ఆసరా లేక చెడిపోయింది. మా లెక్క తప్పు కాదు. లెక్కలో లేనిది మేము చూడలేదు.

సరైన పద్ధతి

1. గొట్టం బయటి వ్యాసానికి సరిపోయే గాడి రోలర్లే బిగించాలి.

2. నేల మీద మేకు, దారం, చాక్‌పీసుతో కావలసిన వంపు గీసుకోవాలి.

3. ఒక్కోసారి స్క్రూను పావు చుట్టు మాత్రమే బిగించి, గొట్టాన్ని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు నడపాలి. ఎన్ని పావు చుట్లో రాసుకుంటే మిగతా ముక్కలకు పనికొస్తుంది.

4. ఒత్తిడి తీసేస్తే గొట్టం కొంత విప్పుకుంటుంది. దీనిని స్ప్రింగ్ బ్యాక్ అంటారు. కాబట్టి ఒత్తిడి తీశాకే కొలవాలి. తక్కువ వంగితే మళ్ళీ వంచవచ్చు. ఎక్కువ వంగితే విప్పడం కష్టం.

5. చివరలు వంగవు. కింది రోలర్ల మధ్య దూరంలో కనీసం సగం నిటారుగా మిగులుతుంది. పూర్తి వలయం కావాలంటే అదనపు పొడవు పెట్టి తర్వాత కోయాలి. మాకు కాళ్ళు ఎలాగూ కావాలి కనుక నష్టం లేదు.

6. తోక వైపు ఒకరు పట్టుకోవాలి. లేకపోతే వంపు స్క్రూ మరలా మెలి తిరుగుతుంది.

కొలవడానికి ఒక చిట్కా: 200 మి.మీ. బద్దను వంపు లోపల రెండు కొనలు తగిలేలా పెట్టండి. మధ్యలో ఖాళీ ఎంతో చూడండి. 200 వర్గాన్ని ఆ ఖాళీకి 8 రెట్లతో భాగించి, ఖాళీలో సగం కలిపితే లోపలి వ్యాసార్థం వస్తుంది. మాకు ఖాళీ 15 వచ్చింది. 40000 ÷ 120 = 333, దానికి 7.5 కలిపితే సుమారు 341. గొట్టం సగం 9.5 కలిపితే 350. సరిపోయింది!

జాగ్రత్తలు

బాగా చిన్న వంపులకు రోలర్లు పనికిరావు, అచ్చు చుట్టూ వంచే బెండర్ కావాలి. పలుచని గొట్టంలో జల్లించిన పొడి ఇసుక దట్టించి, చెక్క బిరడాలు బిగిస్తే నలగదు. ఇసుకలో తడి ఉండి వేడి చేస్తే ఆవిరి పుట్టి బిరడా తూటాలా దూసుకొస్తుంది. జింకు పూత ఉన్న పైపును కాల్చవద్దు, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. రోలర్ల దగ్గర వదులు చొక్కా, చేతి తొడుగులు వద్దు. తొడుగు చిక్కితే వేలు కూడా వెళ్తుంది.

చివరిగా

1925లో జర్మనీలో మార్సెల్ బ్రాయర్ సైకిల్ హ్యాండిల్‌ను చూసి, వంచిన ఉక్కు గొట్టాలతో కుర్చీ చేశాడు. మన రోడ్డు పక్క షాపుల్లో కనిపించే గొట్టాల కుర్చీలు కూడా ఆ కోవలోవే. ఇలాంటి పనిని చదువుగా నేర్చుకోదలచిన తమ్ముళ్ళు ఐ.టి.ఐ. గురించి, 1968లో బాలానగర్‌లో స్థాపించిన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ గురించి ఇప్పటినుంచే విచారించుకోండి. పది తప్పినా, పాసైనా చేతిపనిని చిన్నచూపు చూడకండి.

మిగిలిన మూడు ముక్కలూ చెడకుండా వంగాయి. మూడోది కొంచెం మెలి తిరిగితే మేస్త్రీ సరిచేశాడు. కూలి అడిగితే, "పిలగాని బండికి పైసలేందిరా" అన్నాడు. ఇప్పుడు ఆ బండికి కప్పు ఉంది. నలిగిన ముక్కను మేము పారేయలేదు. అది మా గదిలో కిటికీ పక్కన ఉంది. చూడదలచిన తమ్ముళ్ళు ఆదివారం రండి, అది ఎక్కడ ఎందుకు మడత పడిందో చూపిస్తాము.