క్యాడ్ నేర్వదలచిన విద్యార్థికి

"సెలవులలో క్యాడ్ నేర్చుకోవాలనుకొంటున్నాము, ఏది మంచిది సార్?" అని విద్యార్థులు మమ్మల్ని తరచు అడుగుతున్నారు. తెలుగు పాఠం చెప్పేవారినే ఎందుకడుగుతారో గాని, అడిగినందుకు తెలిసినవారిని విచారించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

క్యాడ్ అంటే కంప్యూటరు సహాయంతో నక్షా గీయడం. నక్షా అనే మాట ఉర్దూ నుండి వచ్చి మన తెలుగులో స్థిరపడింది. ఈ విద్యకు 1963లో అమెరికాలో ఐవాన్ సదర్లండ్ స్కెచ్‌ప్యాడ్‌తో దారి వేశారు. 1982లో వెలువడిన ఆటోక్యాడ్ దానిని చిన్న కంప్యూటర్లకు తెచ్చింది.

మెదక్‌లోని ఒక మేస్త్రీగారి అబ్బాయి సంగతి చెప్పాలి. తండ్రి చేబదులు తెచ్చి ఇచ్చిన సొమ్ముతో నగరంలో మూడు నెలలు యంత్ర భాగాలు రూపొందించే సాఫ్ట్‌వేరు నేర్చి వచ్చాడు. రెండు గదుల ఇంటికి నక్షా గీసిమ్మని తండ్రి అడిగితే చేతకాలేదు. "అబ్బాకు కావలసింది ఇల్లు, నేను నేర్చింది పళ్ళచక్రాలు సార్" అన్నాడు. తప్పు అతనిది కాదు. చేరేముందు ఏమి గీయదలచావని ఒక్కరూ అడగలేదు.

కనుక సాఫ్ట్‌వేరు పేరుకంటె ముందు గీయవలసిన వస్తువును నిర్ణయించుకోవాలి. ఇండ్ల పనికి ఆటోక్యాడ్, తరువాత రెవిట్. యంత్ర భాగాలకు సాలిడ్‌వర్క్స్ వంటివి. వీటి పద్ధతే వేరు: ఆటోక్యాడ్‌లో సాధారణంగా గీత గీతగానే ఉంటుంది, సాలిడ్‌వర్క్స్‌లో కొలత ఒక నియమం, ఒక కొలత మారిస్తే దానిపై ఆధారపడిన భాగమంతా మారుతుంది.

ఖర్చు మాటకు వస్తే, ఆటోక్యాడ్ విద్యార్థులకు ఉచితంగా లభిస్తుంది. కాని ఆ ప్రతితో డబ్బు తీసుకొని పని చేయరాదు. మేస్త్రీగారి అబ్బాయి వంటివారు ఇది గమనించాలి. ఫ్రీక్యాడ్‌కు అట్టి నిబంధన లేదు, రుసుమూ లేదు. 2024 నవంబరులో వచ్చిన దాని 1.0 రూపంలో ఇండ్ల నక్షాలకూ సాధనాలున్నాయి. ఉద్యోగ ప్రకటనలలో దాని పేరు అరుదు, నిజమే. అయినా చేయి తిరగడానికి అది చాలునని మా అభిప్రాయం. కమిటీవారు కళాశాల కంప్యూటర్లలో దానిని వేయించగలిగితే ఎవరూ చేబదులు తేనక్కరలేదు.

అంతకు ముందు కాగితం, పెన్సిలు కావాలి. 1:100 చొప్పున మూడు మీటర్ల గోడ కాగితంపై మూడు సెంటీమీటర్లు. పైనుండి చూచినట్లు ఒకటి, ఎదుటి నుండి చూచినట్లు ఒకటి, నిలువునా కోసినట్లు ఒకటి గీయాలి. ఆ అబ్బాయి ఇప్పుడు టేపు పట్టుకొని తమ ఇంటినే కొలుస్తున్నాడు. మెట్ల దగ్గర లెక్క తప్పిందట, మళ్ళీ కొలుస్తానన్నాడు.