మాట వినపడే టేబుల్

చిరంజీవి మేనకోడలికి,

నీ మెసేజ్ చూశాను. జర్మనీ నుంచి వచ్చే ఇద్దరినీ, వాళ్ల బొంబాయి ఏజెంటునూ గురువారం రాత్రి భోజనానికి పిలుస్తున్నావని, సరఫరా ఒప్పందం ధర దగ్గరే ఆగి ఉందని రాశావు. కంపెనీ తరఫున నువ్వు ఆతిథ్యం ఇవ్వడం ఇదే మొదలు కదా. ఫలక్‌నుమా అయితే ఎలా ఉంటుందని అడిగావు. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను.

ఫలక్‌నుమా గొప్ప చోటే. పైగా వంశపు నవాబు వికార్ ఉల్ ఉమ్రా కట్టించుకుంటే తర్వాత ఆరో నిజాం చేతికి వచ్చిన ఆ ప్యాలెస్, 2010 నుంచి తాజ్ వారి హోటల్. అక్కడి ‘అదా’లో హైదరాబాదీ వంటకు వంక పెట్టేవాళ్లుండరు. అయినా ఈ గురువారానికి వద్దు. హైటెక్ సిటీ నుంచి ఊరి ఆ కొసకు సాయంత్రం ట్రాఫిక్‌లో చేరేసరికే మనిషి అలిసిపోతాడు. చేరాక చూడాలనిపించేది మెట్లు, షాండ్లియర్లు, కొండ కింద ఊరి దీపాలు. నీ ధర మీద మనసు నిలవదు. అక్కడ 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఉంది. ఈ చివర గుసగుసగా అన్న మాట ఆ చివర వినపడుతుందని చెబుతారు. చూసి ఆనందించాల్సిన గది అది, బేరం మాట్లాడుకునేది కాదు. సంతకాలయ్యాక తీసుకెళ్లు, ఆ వైభవమంతా అప్పుడు అక్కరకొస్తుంది.

ఇప్పుడు నీకు కావాల్సింది ఒకటే. నువ్వు గొంతు పెంచకుండా ఒక అంకె చెబితే ఎదుటివాళ్లకు స్పష్టంగా వినపడాలి, పక్క టేబుల్‌కు వినపడకూడదు. మిగతావన్నీ దీని తర్వాతే. మనం మామూలుగా మాట్లాడుకునే మాట 60 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. చుట్టూ రొద దాన్ని మించితే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. మనల్ని విని పక్కవాళ్లూ పెంచుతారు. 1911లో ఎత్యెన్ లోంబార్ అనే ఫ్రెంచి డాక్టరు దీన్ని వివరించాడు, అందుకే ఆయన పేరుతోనే లోంబార్డ్ ఎఫెక్ట్ అంటున్నారు. గ్రానైటు నేల, గాజు గోడలు, పైన ఫాల్స్ సీలింగ్ లేకుండా వదిలేసిన కాంక్రీటు ఉన్న కొత్త రెస్టారెంట్లు ఫొటోల్లో అందంగా ఉంటాయి కానీ, శబ్దాన్ని మింగే గుణం వాటికి లేదు. రాత్రి తొమ్మిదింటికి పెళ్లి పందిట్లో కూర్చున్నట్టే ఉంటుంది. కార్పెట్, బరువైన కర్టెన్లు, గుడ్డ కుర్చీలు, టేబుల్ మీద దళసరి గుడ్డ, ఇవి ఉన్నచోటు వెతుకు. అవి పాతకాలం అలంకారం అనుకోకు. ప్రతి ఒక్కటీ శబ్దాన్ని తాగుతుంది.

చిన్నగా, ఏకాంతంగా ఉండాలన్నావు. మంచిదే. కాకపోతే ఏకాంతం పేరుతో మసక దీపాలు, కొవ్వొత్తులు ఉన్నచోటికి వెళ్లొద్దు. కాగితం చూపిస్తే కనపడాలి, మొహంలో భావం కనపడాలి. పైగా ఆడా మగా కలిసి పని మీద కూర్చునేచోట ఎవరికీ తప్పుడు అర్థం తోచకూడదు. టేబుళ్ల మధ్య ఒకరి మాట మరొకరికి అందనంత దూరం ఉంటే చాలు. విడిగా ప్రైవేట్ గది ఇస్తామంటారు. నలుగురికి అది మరీ నిశ్శబ్దంగా ఉంటుంది. ఎవరూ మాట్లాడని ఆ అర నిమిషం కూడా బరువుగా తోస్తుంది.

అసలు గురువారం రాత్రే ఎందుకు తల్లీ? బొంబాయి ఏజెంటు జైనుడన్నావు. సూర్యాస్తమయం తర్వాత ఏమీ ముట్టని జైనులు చాలామంది ఉన్నారు. ముందు అది కనుక్కో. ఆయనకు ఆ నియమం ఉంటే రాత్రి భోజనానికి పిలవడమే తప్పవుతుంది. నియమం లేకపోయినా నా సలహా మధ్యాహ్నమే. పన్నెండున్నరకు కూర్చుంటే గది సగం ఖాళీ, సంగీతం ఉండదు, మందు ప్రసక్తి పెద్దగా రాదు, రెండున్నరకు ఎవరి పనికి వాళ్లు వెళ్లొచ్చు. ఒక్క జాగ్రత్త. కొన్ని పెద్ద రెస్టారెంట్లు రాత్రే తెరుస్తాయి, అడుగు. బఫే ఉన్న కాఫీ షాపుకు మాత్రం పోవద్దు. అందరూ ప్లేట్లు పట్టుకుని లేస్తూ కూర్చుంటూ ఉంటే మాట ఎక్కడ మొదలైందో ఎవరికీ గుర్తుండదు.

వంట సంగతి. జర్మనీవాళ్లకు ఇటాలియన్ పెట్టకు, అది వాళ్ల ఊళ్లో ప్రతి వీధిలో దొరుకుతుంది. మన నేల వంటే పెట్టు. 1989లో చెన్నైలో మొదలైన ‘దక్షిణ్’ మన బేగంపేట ఐటీసీ కాకతీయలోనూ ఉంది. నా మనసు అటే పోతోంది. శాకాహారం వెతుక్కోనక్కర్లేదు. అయినా జైన భోజనం అంటే ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, క్యారెట్ లాంటి దుంపలేవీ లేకుండా అని ముందురోజే చెప్పాలి, ఆ పూట చెబితే కిచెన్ తడబడుతుంది. ఇంకెప్పుడైనా జపనీస్, ఇటాలియన్ అనుకుంటే ఇది గుర్తుపెట్టుకో. మీసో సూప్‌లో సాధారణంగా చేప రసం ఉంటుంది, అసలైన పార్మేజాన్ చీజ్‌ను దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో చేస్తారు. శాకాహారి అతిథి ఆ సంగతి తిన్నాక తెలుసుకుంటే ఎంత బాధపడతాడు! మనవాళ్లయితే కార్తీక సోమవారమా, ఏకాదశా, అయ్యప్ప మాలా చూసుకోవాలి. రంజాన్‌లో ముస్లిం అతిథిని పగలు పిలవకూడదు.

తినే తీరూ చూడాలి. ఢిల్లీ ఐటీసీ మౌర్యలోని ‘బుఖారా’ ప్రపంచమంతా తెలిసిన పేరు. అక్కడ ఏప్రన్ కట్టుకుని చేత్తో తినడమే పద్ధతి. స్నేహం కుదిరినవాళ్లతో బ్రహ్మాండంగా ఉంటుంది. మధ్యలో కాగితం తీయాల్సిన రోజు పనికిరాదు. ఎముకలు పీల్చేవి, పీతలు, చేతికి నెయ్యి కారేవి ఆ పూటకు పక్కన పెట్టు. టేస్టింగ్ మెనూ జోలికి అసలు పోకు. పన్నెండు రకాలు వస్తాయి, వచ్చిన ప్రతిసారీ స్టూవర్డ్ వచ్చి అది ఏ ఊరి మామిడో, ఏ పొగలో పెట్టారో వివరిస్తాడు. అతని పని అతను చేస్తున్నాడు. నువ్వు ధర చెప్పబోయే క్షణమూ అదే అవుతుంది.

రేపో ఎల్లుండో అదే వేళకు ఒక్కదానివే వెళ్లి ఆ టేబుల్ దగ్గర కూర్చో. నెత్తిమీద ఏసీ గాలి కొడుతోందా, స్పీకర్ ఎక్కడుంది, కిచెన్ తలుపు తెరిచినప్పుడల్లా గిన్నెల చప్పుడు వస్తోందా, వాష్‌రూమ్‌కు వెళ్లేవాళ్లంతా నీ కుర్చీ వెనకనుంచే నడుస్తున్నారా, చూడు. నలుగురికి గుండ్రటి టేబుల్ మంచిది, ఎవరూ ఎవరికీ ఎదురుపక్షంగా ఉండరు. గోడకు వీపు ఆనే కుర్చీ పెద్ద అతిథికి ఇవ్వు. వెనకనుంచి ఎవరూ రానిచోట మనిషి నిదానంగా ఉంటాడు. టేబుల్ నంబర్ రాసుకుని ఆ నంబర్‌తోనే బుక్ చెయ్యి.

ఇప్పుడు చెప్పేది బాగా చదువు. ముగ్గురు మగవాళ్లతో ఆడపిల్ల కూర్చుంటే మెనూ, వైన్ రుచి చూడమనే గ్లాసు, చివరికి బిల్లు, అన్నీ వయసైన మగాడి ముందు పెట్టే అలవాటు ఇంకా పోలేదు. చూసి నాకు ఒళ్లు మండిపోతుంది. అతిథి ఇబ్బంది పడతాడు, నీ పెద్దరికం నీ టేబుల్ దగ్గరే పోతుంది. అందుకని బుకింగ్ నీ పేరు మీద ఉండాలి. పావుగంట ముందే వెళ్లి కెప్టెన్‌ను పేరు పెట్టి పలకరించి, ‘ఆతిథ్యం నాది, ఏదడిగినా నన్నే అడగండి, బిల్లు టేబుల్‌కు తేవద్దు’ అని చెప్పు. కార్డు అప్పుడే ఇచ్చెయ్యి. భోజనమయ్యాక చేతులు కడుక్కునే నెపంతో లేచి సంతకం పెట్టి రా.

బిల్లు గురించి రెండు మాటలు. గది అద్దె 7,500 రూపాయలు దాటే హోటళ్లలో భోజనం మీద జీఎస్టీ 18 శాతం, విడి రెస్టారెంట్లలో 5 శాతం. కంపెనీ పేరున బిల్లు తీసుకున్నా ఆ పన్నుకు మామూలుగా ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, బడ్జెట్‌లో కలుపుకో. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, దాని లెక్క వేరు. సర్వీస్ చార్జీ దానంతటదే వేయకూడదని వినియోగదారుల రక్షణ అథారిటీ 2022లో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025లో సమర్థించింది. అయినా ఆ వాదన అతిథుల ముందు వద్దు, బుక్ చేసేటప్పుడే తేల్చుకో. వడ్డించినవాళ్లకు ఇచ్చేది చేతికే ఇవ్వు.

మొదట ఏజెంటుకు ఫోన్ చేసి రాత్రి తింటాడో లేదో అడుగు. ఆయన ఏమన్నాడో సాయంత్రంలోగా, ఏ టేబుల్ దొరికిందో చూసొచ్చాక నాకు చెప్పు. కాకతీయలో కుదరకపోతే నాకు తెలిసిన మరో రెండు చోట్లు చెబుతాను.

మీ అమ్మకు నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మామయ్య