గురి రాసుకున్నారా?

కాలేజీలోనో, విచారణ యువజన సంఘంలోనో నాయకులు కావాలనుకుంటున్నారా? అయితే పాతబస్తీ వెళ్లినప్పుడు, మూసీ ఒడ్డున హైకోర్టు దగ్గరున్న సిటీ కాలేజీని ఒకసారి చూడండి. 1952 ముల్కీ ఉద్యమంలో విద్యార్థులు పోగైన చోటు అది. వారు అడిగింది ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో వచ్చిన ఉద్యోగాలు తీసి స్థానికులకు ఇవ్వాలి. పదిహేనేళ్లు ఇక్కడ నివసించినవారే ముల్కీలన్న నియమం నిజాం కాలం నుండీ ఉన్నదే. దాన్ని అమలు చేయమన్నారు, అంతే. వరంగల్ విద్యార్థికైనా, నగర విద్యార్థికైనా విడమరచి చెప్పే పని లేకపోయింది.

కానీ వీధిలో వినిపించిన నినాదం వేరు: 'నాన్ ముల్కీ గో బ్యాక్'. గురి నియమం మీద, కేక మనుషుల మీద! జనానికి కేకే గుర్తుంటుంది. ఆ సెప్టెంబరులో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి దర్యాప్తు జరిపారు.

'కాలేజీని బాగు చేస్తాను' అన్నది గురి కాదు. 'దసరా సెలవుల లోపల లైబ్రరీ సాయంత్రం ఆరు దాకా తెరిచేలా ప్రిన్సిపాల్ గారిని ఒప్పిస్తాను' అని రాయండి. దాని కిందనే, మీ వెంట వచ్చేవారికి ఏ కష్టం రావచ్చో కూడా రాయండి. చాలామంది వదిలేసేది ఈ రెండో వాక్యాన్నే.

తల్లిదండ్రులారా, రాత్రి భోజనాల దగ్గర ఆ రెండు వాక్యాలూ చదివించుకొని వినండి.