దాపరికము లేని లెక్క

అర్ధరాత్రమున సముద్రము పొంగుచున్నది. చేపల పడవ యొకటి యంత్రము చెడి, పెనుగాలికి రాళ్లవైపు కొట్టుకొని పోవుచున్నది. పిలుపు అందిన కొలది నిమిషములలో తీరమునుండి రక్షక నావ బయలుదేరి అలలను చీల్చుకొని పోవును. అందున్న వారిలో ఒకరు ఉపాధ్యాయిని, ఒకరు వడ్రంగి, ఒకరు అంగడి నడపువారు కావచ్చును. వారిలో పెక్కుమంది జీతము గోరక ఈ పనికి వచ్చినవారే.

బ్రిటను, ఐర్లండు తీరములందు ఇట్లు సేవ చేయుచున్నది రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్ అను ధర్మసంస్థ. మాన్ ద్వీపమున నివసించిన సర్ విలియం హిల్లరీ అను నతడు ఓడలు పగిలి జనులు మునిగిపోవుట చూచి తల్లడిల్లి, 1823లో దేశప్రజలకు విన్నపము చేసెను. మరుసటి సంవత్సరము, అనగా 1824 మార్చి 4వ తేదీన, లండను నగరమున ఈ సంస్థ ఏర్పడెను. మొదటి 200 సంవత్సరములలో ఇది 1,46,000 మందికి పైగా ప్రాణములు కాపాడినది. ప్రజల విరాళములే దీనికి ముఖ్యాధారము.

పూర్వము రక్షక నావలు తెడ్లతోను, తెరచాపలతోను నడచెడివి. విట్బీ రేవున తెడ్ల నావ 1957 వరకును పని చేసెను. నేటి పెద్ద నావలకు డీజెలు యంత్రములు కలవు. షానన్ తరగతికి చెందిన నావ గంటకు సుమారు 25 నావిక మైళ్లు పోగలదు. దాని తొట్టిలో 2,740 లీటర్ల నూనె పట్టును.

ఇచ్చట నొక వింత కలదు. లీటరు డీజెలు కిలోగ్రాము బరువైనను తూగదు. కాని అది మండినప్పుడు సుమారు 2.6 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, పుట్టును. నూనెలోని బొగ్గు గాలిలోని ప్రాణవాయువుతో కూడుటచే ఈ బరువు పెరుగుచున్నది. తొట్టిలోని నూనె యంతయు మండినచో 7 టన్నులకు పైగా వాయువు ఆకాశమున చేరును. అది సూర్యుని వేడిమిని భూమిపై నిలుపును; సముద్రజలము వేడెక్కి వ్యాకోచించును; మంచు కరగును; నీటిమట్టము పెరిగి తీరవాసులకు అపాయము హెచ్చును. ఆ అపాయమునుండి జనులను కాపాడుటకే గదా రక్షక నావ యున్నది!

“ప్రాణములు నిలుపువారిని పొగకు లెక్క యడుగుట తగునా?” అని మీకు తోచవచ్చును. మునుగుచున్న వానిని చేరబోవునప్పుడు నూనెను గూర్చి యోచింప నక్కరలేదు, యోచింపరాదు కూడ. కాని నావ తిరిగివచ్చిన పిదప, ఎంత నూనె కాలినదో వ్రాసి ప్రజల ముందుంచుట వేరు మాట. దాత యిచ్చిన ప్రతి కాసునకును ధర్మసంస్థ లెక్క చెప్పుచున్నది. గాలి దాతది మాత్రమే కాదు, అందరిది. కావున దాని లెక్క అందరికిని చెప్పవలసినదే.

ఈ లెక్కకు 2001లో వెలువడిన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ అను ప్రమాణము మూడు భాగములు నిర్ణయించినది. సంస్థ తన నావలలోను, బండ్లలోను కాల్చిన ఇంధనమువలన పుట్టినది మొదటిది. కొనిన విద్యుత్తును ఉత్పత్తి చేయుటలో పుట్టినది రెండవది. కొనిన వస్తువుల తయారీ, రవాణా, ఉద్యోగుల ప్రయాణములు మున్నగువానివలన పుట్టినది మూడవది. ఈ మూడవది తరచుగా పెద్దది, లెక్కించుట కష్టము. దానిని విడిచినచో మొత్తము చిన్నదిగా కనబడును. అట్టి లెక్క అబద్ధము గాకపోయినను, నిజము నంతయు చెప్పినది కాదు.

కావున నిజాయితీ గల సంస్థ ఏవి లెక్కించెనో, ఏవి విడిచెనో చెప్పవలెను. కొలిచినదానిని కొలతయనియు, ఊహించినదానిని అంచనాయనియు వేరుగా చూపవలెను. తుపానులు హెచ్చిన యేట నావలు ఎక్కువమారులు బయలుదేరును. నూనె ఖర్చు పెరుగును. ఆ పెరుగుదలను దాచక, కారణముతో కూడ ప్రకటింపవలెను.

లెక్క వ్రాసిన మాత్రమున పొగ తగ్గదు. కాని ఎచ్చట తగ్గింపవచ్చునో తెలియును. పిలుపు వచ్చినప్పుడు నావను ఆపుటకు వీలులేదు. కట్టడములను వెచ్చగా నుంచు పద్ధతిని మార్చవచ్చును. సూర్యరశ్మితో విద్యుత్తు పొందవచ్చును. అనవసర ప్రయాణములు మానవచ్చును. నావ బయలుదేరుటకు అడ్డు రాక, వ్యర్థమును మాత్రమే అరికట్టుటకు ఈ లెక్కయే దారి చూపును.

బాలలారా! మంచిపని చేయువారిని లోకము గౌరవించును. ఆ గౌరవమును చాటుగా జేసికొని వారు తమ లెక్కను దాచరాదు. పరులను కాపాడుటకు అలలకు వెరవనివారు నిజము చెప్పుటకు ఏల వెరవవలెను?