పాలపండ్ల సంరక్షణము



నారుమడిని ఉపేక్షించి పొలమున మంచి పంట కోరువాడు మనలో లేడు. కాని బిడ్డల పండ్ల విషయమున మాత్రము "పాలపండ్లే గదా, ఊడిపోవునవి" యని యూరకుండుట పెక్కు ఇండ్లలో వాడుక. ఊడిపోవు మాట నిజమే. ఎన్నటికి ఊడునో యాలోచింపవలెను.

బిడ్డకు సామాన్యముగా 6వ నెల ప్రాంతమున మొదటి పన్ను మొలచును. మూడేండ్లు నిండునప్పటికి 20 పండ్లు వచ్చును. ముందుపండ్లు 6, 7 ఏండ్లకు రాలినను, దవుడపండ్లు 10 మొదలు 12 ఏండ్ల వఱకు నిలువవలసినవి. అన్నము నమలుటకును, మాట స్పష్టముగా పలుకుటకును అంతకాలము ఇవియే ఆధారము. మఱియు వీని క్రింద శాశ్వత దంతముల మొలక లుండును. పాలపండ్లు వానికి చోటు కాచి యుంచును. పుచ్చి ముందే పోయినచో ప్రక్కపండ్లు ఆ చోటికి ఒరుగును. పిదప వచ్చు పన్ను వంకరగా వచ్చును. పంటి నొప్పి గల బిడ్డ తిండి తినడు, నిద్రపోడు, చిక్కిపోవును.

పుప్పికి కారణము

పుప్పికి పురుగు కారణమని పలువురు నమ్మెదరు. అట్టి పురుగేదియు లేదు. పండ్లపై అంటుకొను జిగట పొరలో కంటికి కానరాని సూక్ష్మజీవులుండును. అవి మనము తినిన తీపిని తిని ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పంటి పై పెంకును కరగించును. నోటిలోని లాలాజలము ఆ నష్టమును కొంత పూడ్చును. కాని అందుకు వ్యవధి కావలెను. కావున ఎంత తీపి తినెననుటకంటె ఎన్నిమార్లు తినెననునది ముఖ్యము. భోజనముతో తినిన లడ్డుకంటె దినమంతయు చప్పరించు బిళ్ళలే యెక్కువ కీడు చేయును. ఈ విషయమున బెల్లమునకును పంచదారకును భేదము లేదు.

నిద్రలో లాలాజల మూరుట తగ్గును. పంచదార కలిపిన పాలసీసా నోట నుంచుకొని నిద్రించు బిడ్డకు ఆ పాలు రాత్రియెల్ల పై ముందుపండ్లను తడుపుచుండును. క్రిందిపండ్లను నాలుక కప్పి కాపాడును. అందుచే పైపండ్లే ముందు చెడును.

మొదటి గుర్తు

నెలకొకమారు బిడ్డ పై పెదవి నెత్తి చూడుడు. చిగురు ప్రక్కను సున్నపు గీత వంటి తెల్లని చార కనబడిన అదియే పుప్పికి మొదలు. ఆ దశలో జాగ్రత్త పడినచో పన్ను కోలుకొనగలదు. గోధుమరంగు తిరిగి గుంట పడిన పిమ్మట తనంత తాను మానదు.

చేయవలసిన పనులు

1. మొదటి ఆరునెలలు తల్లిపాలే చాలును. పిదపను తల్లిపాలు మానిపింప నక్కఱలేదు. కాని పండ్లు వచ్చిన పిమ్మట రాత్రి పాలు త్రాగిన బిడ్డ నోటిని తడిగుడ్డతో తుడువవలెను.

2. పాలసీసాతో నిద్రపుచ్చరాదు. ఏడాది నిండిన బిడ్డకు గిన్నెతో త్రాగుట నేర్పవలెను.

3. పాలపీకకు తేనెగాని పంచదారగాని అద్దరాదు. ఏడాది లోపు బిడ్డకు తేనె అసలే ఈయరాదు; అది ప్రాణాపాయమును తేగలదు.

4. మొదటి పన్ను మొలచినది మొదలు ఉదయమును, రాత్రి నిద్రకు ముందును మెత్తని కుంచెతో తోమవలెను. మూడేండ్ల వఱకు ఫ్లోరైడు గల పేస్టు బియ్యపుగింజంత, పిదప ఆఱేండ్ల వఱకు బఠాణిగింజంత చాలును. ఉమ్మివేయుట నేర్పవలెను. ఇటుకపొడి, బొగ్గుపొడి పంటి పెంకును అరగదీయును.

5. తల్లి నోట నుంచిన చెంచాను బిడ్డ నోట నుంచరాదు. సూక్ష్మజీవు లట్లే సంక్రమించును.

6. ఏడాది నిండులోపల ఒకమారు దంతవైద్యునికి చూపవలెను.

నీటి విషయము

ఫ్లోరైడు మితముగా నున్న పంటికి బలము, మితిమీరిన హాని. 1937లో నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఇట్టి నీటివలన కలిగిన వ్యాధిని వైద్యులు వెల్లడించిరి. నల్లగొండ జిల్లా గ్రామములును దీనిచే మిక్కిలి బాధపడినవి. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించిన నీరు త్రాగుటకు తగదు. కావున బోరునీరు త్రాగువారు దానిని పరీక్ష చేయించి, ఫలితమును వైద్యునికి తెలిపి, పిల్లల పేస్టు విషయమున ఆయన సలహా పొందవలెను.

పై పనులలో పెక్కింటికి వ్యయము స్వల్పము. పుచ్చిన పిమ్మట వైద్యమునకు పట్టణ ప్రయాణమును, పనిదినముల నష్టమును, అన్నిటికంటె బిడ్డ బాధయు తప్పవు. ఈ రాత్రి పరుండుటకు ముందే బిడ్డ పెదవి నెత్తి చూచి, తోముట ఆరంభింపుడు.