తోడేళ్ల పునరాగమనము

క్రూరమృగములను బోనులలో గొనిపోయి యొక యడవిలో విడుచుట వేఱు. అవి తమంతట తాము పూర్వపు నెలవులకు నడచివచ్చుట వేఱు. ఇటలీ తోడేళ్లు రెండవ తెఱంగున వచ్చినవి.

1970 ప్రాంతమున ఆ దేశమున సుమారు నూఱు తోడేళ్లు మాత్రము అపెన్నైను కొండలలో మిగిలియుండెను. 1971లో ప్రభుత్వమువారు వాని వేటను నిషేధించి, 1976లో పూర్ణరక్షణ మొసగిరి. ఇంతలో రైతులు పట్టణములకు బోగా కొండపొలములు బీడువడి యడవులయ్యెను. లేళ్లును అడవిపందులును హెచ్చెను. తోడేలుపిల్ల యెదిగిన పిమ్మట తల్లిదండ్రుల గుంపు విడిచి, తోడును దనదగు నేలయు వెదకికొనుచు దూరము పోవును. ఇట్లు తరము వెంబడి తరము ఉత్తరమునకు సాగి, 1992లో ఫ్రాన్సుదేశపు ఆల్ప్సుకొండలలో రెండు తోడేళ్లు కానవచ్చెను. 2020–21 సంవత్సరముల లెక్కలో ఇటలీయందు సుమారు 3,300 తేలెను.

ఈ పయనము లెంతటివో స్లావ్‌ట్సు అను మగతోడేలు వలన దెలియును. 2011లో స్లొవీనియాదేశమున శాస్త్రజ్ఞులు దాని మెడకు, ఉన్నచోటు దెలుపు యంత్రముగల పట్టెడను దగిలించిరి. ఆ డిసెంబరులో నది బయలుదేఱి, ద్రావానది నీది, ఆస్ట్రియా మంచుకొండలు దాటి, వేయి కిలోమీటర్లకు మించి నడచి, 2012 మార్చిలో ఇటలీయందలి వెరోనా నగరమునకు ఉత్తరముననున్న లెస్సీనియా పీఠభూమిని జేరెను. అచ్చట దానికి ఇటలీ వంశపు ఆడుతోడేలు జతపడెను. షేక్స్పియరు నాటకములోని జూలియెట్టు వెరోనా కన్యయే గదా! జనులు దీనికిని ఆ పేరే పెట్టిరి. చిరకాలము ఎడబడిన రెండు వంశములు కలసి, 2013లో రెండు పిల్లలు పుట్టెను.

పశువుల కాపరులకు మాత్ర మిది శుభవార్త కాదు. వారి దూడలు చచ్చినవి. వారి కోపము న్యాయమైనదే. తోడేలు ఎన్నడును విడువని అబ్రుజ్జీ సీమలో కాపరులు, మేకులపట్టెడ గట్టిన తెల్లని పెద్దకుక్కలను మందలతో నుంచుట మానలేదు. మన దక్కను మెట్టలలో కుక్కలతో మందగాయువారిని జూచినవారికి ఇది వింతగాదు. ఆల్ప్సులోనన్ననో, తోడేలు లేని దశాబ్దములలో ఆ కుక్కలును, రాత్రి కావలియు మఱపున బడెను. ఇప్పుడు వారు కుక్కపిల్లలను మందలలోనే పెంచి మఱల నేర్పుచున్నారు, విద్యుత్కంచెలు నాటుచున్నారు, చచ్చిన పశువునకు ప్రభుత్వపు పరిహారము గైకొనుచున్నారు. 2025లో ఐరోపా సమాఖ్య తోడేలు రక్షణను గొంత సడలించినది. అయినను చీకటిలో కుక్క మొఱిగినప్పుడు లేచి మంద చుట్టు దిరుగవలసినవాడు కాపరియే.