శ్వాసకు చోటు లెక్క – ఊపిరితిత్తుల పరీక్షలో రేడియో ఐసోటోపులు

కాలువలోకి ఎన్ని క్యూసెక్కుల నీరు వదిలారో లాకుల దగ్గర లెక్క రాసి ఉంటుంది. ఆ లెక్క చూసినంత మాత్రాన చివరి భూములకు నీరందిందో లేదో చెప్పలేము. అందుకు గట్టు వెంట నడిచి ఏ పొలం తడిసింది, ఏ పొలం బీటలు వారింది అని చోటు చోటుగా చూడవలసిందే. ఊపిరితిత్తుల విషయంలో వైద్యులకు ఇటువంటి సమస్యే ఎదురవుతుంది.

శ్వాసశక్తిని కొలవడానికి స్పైరోమీటరు అనే పరికరం ఉన్నది. రోగి నిండుగా గాలి పీల్చి, ఒక్కసారిగా బలంగా వదలుతాడు. మొదటి సెకనులో ఎంత గాలి బయటకు వచ్చిందో పరికరం చూపుతుంది. ఇది చవకైన, ఎంతో ఉపయోగకరమైన పరీక్ష. కాని అది చెప్పేది రెండు ఊపిరితిత్తులకూ కలిపి వచ్చిన మొత్తం. ఆ మొత్తంలో కుడి భాగం వాటా ఎంత, ఎడమ భాగం వాటా ఎంత, ఏ తమ్మె పనిచేస్తున్నది, ఏది పేరుకు మాత్రమే మిగిలి ఉన్నది అనే ప్రశ్నలకు అందులో సమాధానం దొరకదు. ఎక్స్‌రే చిత్రం ఆకారాన్ని చూపుతుంది. కనిపించే భాగం ఎంత పనిచేస్తున్నదో చెప్పదు. ఈ వెలితిని పూరించే పరీక్షలలో ముఖ్యమైనది రేడియో ఐసోటోపుల సహాయంతో తీసే ఊపిరితిత్తుల చిత్రణ.

గాలి, రక్తం కలిసే చోటు

కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమ దానికి రెండు. ఆరోగ్యవంతునిలో మొత్తం పనిలో సుమారు 55 శాతం కుడివైపు, 45 శాతం ఎడమవైపు జరుగుతుంది. శ్వాసనాళం కొమ్మలు రెమ్మలుగా చీలి, చివరకు కోట్లాది సూక్ష్మ వాయుకోశాలుగా ముగుస్తుంది. ప్రతి వాయుకోశాన్నీ సన్నని కేశనాళికల వల చుట్టుకొని ఉంటుంది. గాలిలోని ప్రాణవాయువు రక్తంలోకి, రక్తంలోని బొగ్గుపులుసు వాయువు గాలిలోకి మారేది ఇక్కడే.

ఈ మార్పిడి జరగాలంటే ఒకే చోటికి గాలీ రావాలి, రక్తమూ రావాలి. గాలి వచ్చి రక్తం రాకపోతే ఆ గాలి వృథా. రక్తం వచ్చి గాలి రాకపోతే ఆ రక్తం శుద్ధి కాకుండానే గుండెకు తిరిగి చేరుతుంది. శరీరం ఈ నష్టాన్ని కొంతవరకు తానే నివారించుకుంటుంది. గాలి సరిగా అందని భాగంలో రక్తనాళాలు కుంచించుకొని, రక్తాన్ని మంచి భాగాలకు మళ్లిస్తాయి. స్వీడన్ శాస్త్రజ్ఞులు వాన్ ఆయిలర్, లిలియెస్ట్రాండ్ ఈ విషయాన్ని 1946లో నిరూపించారు. చిత్రాలను చదివేటప్పుడు ఈ సూత్రమే వైద్యునికి దారి చూపుతుంది.

చోటు లెక్కకు తొలి ప్రయత్నాలు

1955లో జర్మనీలోని కొలోన్ నగరంలో నిప్పింగ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు రోగులచేత రేడియోధార్మిక జినాన్ వాయువును పీల్పించి, ఛాతీపై అమర్చిన పరికరాలతో అది ఏ భాగానికి ఎంత చేరిందో కొలిచారు. 1960లో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో జాన్ వెస్ట్, డాలరీ అనే శాస్త్రజ్ఞులు రేడియోధార్మిక ఆక్సిజన్ కలిగిన బొగ్గుపులుసు వాయువును ఉపయోగించి ఒక ముఖ్య విషయం కనుగొన్నారు. నిటారుగా ఉన్న మనిషిలో ఊపిరితిత్తుల పై కొనకు చాలా తక్కువ రక్తం చేరుతుంది. అడుగు భాగానికి ఎక్కువ చేరుతుంది. గురుత్వాకర్షణ ప్రభావం మన ఛాతీలో కూడా పనిచేస్తున్నదన్నమాట. నేడు ఈ పరీక్ష చేసేటప్పుడు సూదిమందును రోగి పడుకొని ఉండగా ఇవ్వడానికి కారణం ఇదే. అప్పుడు రక్తం పై నుంచి కిందికి ఎక్కువ తేడా లేకుండా పరచుకుంటుంది.

1964లో అమెరికాలో టాప్లిన్, వాగ్నర్ మొదలైన వైద్యులు ఆల్బుమిన్ రేణువులతో రక్తప్రసార చిత్రణకు మార్గం వేశారు. ఆల్బుమిన్ మన రక్తంలో సహజంగా ఉండే మాంసకృత్తు. నేటి పద్ధతికి మూలం ఇదే.

పరీక్ష జరిగే విధం

ఈ పరీక్షలో ప్రధానంగా వాడే ఐసోటోపు టెక్నీషియం-99ఎం. దీని అర్ధజీవిత కాలం 6 గంటలు. అనగా ప్రతి 6 గంటలకు దీని రేడియోధార్మికత సగానికి తగ్గుతుంది. పరీక్షకు చాలినంత సేపు ఉండి, మరునాటికి దాదాపు అంతరించిపోతుంది. ఇంత స్వల్పాయువు గల పదార్థాన్ని దూరప్రాంతాలకు నిల్వచేసి పంపడం సాధ్యం కాదు. అందువల్ల దీనికి జన్మస్థానమైన మాలిబ్డినం-99ను రియాక్టరులో తయారుచేసి పంపుతారు. దాని అర్ధజీవిత కాలం సుమారు 66 గంటలు. ఆసుపత్రిలో దాని నుంచి ప్రతి ఉదయం టెక్నీషియంను వేరుచేసుకుంటారు. ప్రయోగశాలల్లో ఈ అమరికను ముద్దుగా 'ఆవు' అనీ, టెక్నీషియం తీయడాన్ని 'పాలు పితకడం' అనీ అంటారు.

రక్తప్రసారాన్ని చూడడానికి టెక్నీషియంను ఆల్బుమిన్ రేణువులకు జతచేసి చేతి సిరలోకి ఎక్కిస్తారు. ఈ రేణువులు చాలావరకు 10 నుంచి 90 మైక్రాన్ల పరిమాణంలో ఉంటాయి. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఊపిరితిత్తుల కేశనాళికల వెడల్పు 7, 8 మైక్రాన్లకు మించదు. కనుక సిర నుంచి గుండె ద్వారా ఊపిరితిత్తులకు చేరిన రేణువులు ఆ సన్నని నాళాల ముఖద్వారంలో నిలిచిపోతాయి. ఎక్కువ రక్తం వెళ్లే చోట ఎక్కువ రేణువులు, తక్కువ వెళ్లే చోట తక్కువ నిలుస్తాయి.

నాళాలు మూసుకుపోతే ప్రమాదం కాదా అన్న సందేహం సహజం. పెద్దలకు ఇచ్చే రేణువులు 2 నుంచి 7 లక్షలు. కేశనాళికలు వేల కోట్లలో ఉంటాయి. వెయ్యింట ఒక నాళం కూడా మూతపడదు. కొన్ని గంటల్లో రేణువులు చిన్న ముక్కలై కొట్టుకుపోతాయి. ఊపిరితిత్తుల రక్తపీడనం హెచ్చుగా ఉన్నవారికి, పిల్లలకు, గర్భిణులకు రేణువుల సంఖ్యను ఇంకా తగ్గిస్తారు.

శరీరం నుంచి వెలువడే గామా కిరణాలను గామా కెమెరా పట్టుకుంటుంది. అమెరికన్ శాస్త్రజ్ఞుడు హాల్ ఆంగర్ 1950ల చివరలో దీనిని రూపొందించాడు. వేల రంధ్రాలు గల సీసపు పలక గుండా వచ్చిన కిరణాలు ఒక పెద్ద స్ఫటికాన్ని తాకి క్షణకాలం మెరుపులు పుట్టిస్తాయి. ఆ మెరుపులను లెక్కించి, వాటి స్థానాలను గుర్తించి, చిత్రం తయారుచేస్తారు. రోగి చేయవలసింది కదలకుండా ఉండడమే.

గాలి లెక్క – భారతీయుల కృషి

రక్తం ఎక్కడికి వెళుతున్నదో తెలుసుకోవడం ఇలా సులభమయింది. గాలి ఎక్కడికి వెళుతున్నదో తెలుసుకోవడం అంత తేలిక కాలేదు. జినాన్-133 వాయువును పీల్పించడానికి మూసివున్న గొట్టాల అమరిక కావాలి. రోగి వదిలిన వాయువు గదిలో వ్యాపించకుండా పట్టి ఉంచాలి. క్రిప్టాన్-81ఎం అనే మరో వాయువు అర్ధజీవిత కాలం 13 సెకన్లు మాత్రమే. ఇవి సంపన్న దేశాల పెద్ద ఆసుపత్రులకు తగిన సాధనాలు.

దీనికి ప్రత్యామ్నాయంగా టెక్నీషియం కలిపిన ద్రావణాన్ని పొగమంచు వంటి తుంపరగా మార్చి పీల్పించే పద్ధతిని 1960లలోనే ప్రయత్నించారు. కాని బిందువులు పెద్దవిగా ఉండడం వల్ల అవి గొంతులోను, పెద్ద శ్వాసనాళాలలోను చిక్కుకుపోయి, వాయుకోశాల వరకు చేరేవి కావు. చిత్రంలో గొంతు వెలిగేది, ఊపిరితిత్తులు మసకగా కనిపించేవి.

ఈ సమస్యను ముంబయిలో భారతీయ శాస్త్రజ్ఞులు చేపట్టారు. ట్రాంబేలో 1956లో అప్సర రియాక్టరు పనిచేయడం ప్రారంభించిన తరువాత దేశంలో ఐసోటోపుల తయారీకి పునాది ఏర్పడింది. 1963లో పరేల్‌లో రేడియేషన్ మెడిసిన్ సెంటర్ వెలసింది. ఇది భాభా అణుపరిశోధన కేంద్రానికి చెందిన సంస్థ. డాక్టర్ కొట్రప్ప, ఆయన సహచరులు తుంపరలోని తేమ ఆరిపోయి, అతి సూక్ష్మమైన పొడి రేణువులు మాత్రమే రోగికి అందే అమరికను రూపొందించి, 1977లో అమెరికాకు చెందిన న్యూక్లియర్ మెడిసిన్ పత్రికలో ప్రకటించారు. సుమారు ఒక మైక్రాను పరిమాణం గల ఆ రేణువులు గొంతును దాటి వాయుకోశాల వరకు ప్రయాణించగలవు. దీనికి ఖరీదైన వాయువు అక్కరలేదు. రక్తప్రసార పరీక్షకు వాడే టెక్నీషియమే గాలి పరీక్షకూ సరిపోతుంది. తరువాతి కాలంలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ప్రోత్సాహంతో ఆసియాలోని మరికొన్ని దేశాలలో కూడా ఈ భారతీయ పరికరంతో అధ్యయనాలు జరిగాయి.

రెండు చిత్రాలను కలిపి చదవడం

గాలి చిత్రం, రక్తం చిత్రం పక్కపక్కన పెట్టి చూసినప్పుడే అర్థం బోధపడుతుంది. రెండింటిలోనూ ఒకే చోట వెలితి కనిపిస్తే, అది తరచు శ్వాసనాళాల వ్యాధి వల్ల కలిగినది. గాలి అందని చోటు నుంచి రక్తం కూడా తప్పుకున్నదన్నమాట. గాలి చక్కగా చేరుతూ, రక్తం మాత్రం చేరని భాగం ఉంటే, రక్తనాళానికి గడ్డ అడ్డుపడి ఉండవచ్చునని అనుమానించాలి. కాలి సిరలలో ఏర్పడిన రక్తపు గడ్డ తెగి ఊపిరితిత్తికి చేరడం ప్రాణాపాయకరమైన స్థితి. రక్తప్రసార చిత్రం పూర్తిగా సహజంగా ఉంటే అటువంటి ప్రమాదం లేదని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు.

శస్త్రచికిత్సకు ముందు

చోటు లెక్క విలువ అన్నిటికంటె స్పష్టంగా తెలిసేది ఊపిరితిత్తి క్యాన్సరుకు శస్త్రచికిత్స తలపెట్టినప్పుడు. కుడి ఊపిరితిత్తిని పూర్తిగా తొలగించవలసిన ఇద్దరు రోగులున్నారనుకుందాం. ఇద్దరిలోనూ స్పైరోమీటరు మొదటి సెకనులో 1,800 మిల్లీలీటర్లు చూపుతున్నది. సాధారణ వాటాల ప్రకారం ఎడమవైపు మిగిలేది 45 శాతం. అనగా 810 మిల్లీలీటర్లు. శస్త్రచికిత్స తరువాత కనీసం 800 మిల్లీలీటర్లు మిగలాలన్నది ఒకప్పటి వైద్యుల నియమం. ఇద్దరూ సరిగ్గా హద్దు మీద నిలిచి ఉన్నారు.

ఇప్పుడు రక్తప్రసార చిత్రం తీశారు. మొదటి రోగిలో కణితి కుడివైపు ప్రధాన నాళాలను నొక్కివేయడం వల్ల అక్కడికి చేరుతున్న రక్తం 25 శాతమే. తొలగించినా 75 శాతం, అనగా 1,350 మిల్లీలీటర్లు మిగులుతాయి. అతడు ఆ శస్త్రచికిత్సను తట్టుకునే అవకాశం బాగా ఉన్నది. రెండవ రోగి ఎడమ ఊపిరితిత్తి ఏనాడో క్షయవ్యాధితో దెబ్బతిన్నది. 80 శాతం పని కుడివైపే జరుగుతున్నది. దానిని తీసివేస్తే మిగిలేది 360 మిల్లీలీటర్లు. అతనికి ఆ శస్త్రచికిత్స చేస్తే క్యాన్సరు తొలగినా శ్వాస నిలవదు. వేరే చికిత్స చూడాలి. మొత్తం లెక్కలో ఒక్కటిగా కనిపించిన ఇద్దరికి చోటు లెక్క రెండు వేరు వేరు తీర్పులు చెప్పింది. క్షయ ఎందరి ఊపిరితిత్తులపైనో మచ్చలు మిగిల్చిన మన దేశంలో ఈ తేడా ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనక్కరలేదు.

నేడు హద్దును మిల్లీలీటర్లలో కాక, రోగి వయస్సు, ఎత్తు మొదలైనవాటిని బట్టి ఉండవలసిన ప్రమాణంలో ఎంత శాతం మిగులుతుందనే దృష్టితో నిర్ణయిస్తున్నారు. రక్తంలోకి వాయువు చేరే శక్తినీ, రోగి నడవగల శక్తినీ కూడా పరీక్షిస్తున్నారు. కాని ఏ భాగం వాటా ఎంత అనే మూల ప్రశ్న మారలేదు.

పరిమితులు, ప్రస్తుత స్థానం

ఈ పరీక్షకు లోపాలూ ఉన్నాయి. రక్తపు గడ్డలను గుర్తించడంలో దీని శక్తిని అంచనా వేసిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనం ఫలితాలు 1990లో వెలువడ్డాయి. చాలామంది విషయంలో అవుననిగాని కాదనిగాని తేల్చలేని చిత్రాలే వచ్చాయని తెలిసింది. తరువాత సి.టి. యంత్రాలు వేగవంతమై, గడ్డను నేరుగా చూపగలిగినందువల్ల అత్యవసర సమయాలలో వాటికే ప్రాధాన్యం లభించింది. అయినా మూత్రపిండాల వ్యాధి వల్ల సి.టి. మందు పడనివారికి, కొందరు గర్భిణులకు ఐసోటోపు పరీక్షే మేలు. పాతబడిన గడ్డల వల్ల ఊపిరితిత్తుల రక్తపీడనం పెరిగిందేమో తెలుసుకోవడానికి నేటికీ మొదట చేయదగిన పరీక్ష ఇదే. రక్తప్రసార చిత్రణలో శరీరానికి తగిలే రేడియేషన్ సుమారు 1 నుంచి 2 మిల్లీసీవర్టులు. ప్రకృతి నుంచి మనిషికి ఏటా సగటున అందేది 2.4 మిల్లీసీవర్టులు. కెమెరాను రోగి చుట్టూ తిప్పి, సి.టి. చిత్రంతో జోడించి, ఒక్కొక్క తమ్మె వాటాను విడిగా లెక్కించే పద్ధతులు కూడా అమలులోకి వచ్చాయి.

రియాక్టరులో పుట్టి, రోజుల వ్యవధిలో తరిగిపోయే ఒక పదార్థం సకాలంలో ఆసుపత్రికి చేరాలి. అక్కడ దానిని శుద్ధిగా వేరుచేసే రసాయనవేత్త, చిత్రం తీసే సాంకేతికుడు, దానిని చదివే వైద్యుడు సిద్ధంగా ఉండాలి. ఈ గొలుసులో ఏ లంకె జారినా ఆ రోజు పరీక్ష జరగదు. అన్నీ సక్రమంగా సాగిన రోజున, కాలువ గట్టు వెంట నడిచి చివరి పొలం వరకు చూసి వచ్చినంత నమ్మకంతో, మిగిలే ఊపిరి ఈ రోగికి చాలునో చాలదో వైద్యుడు ముందుగానే చెప్పగలుగుతాడు.